బాడిగ సైకిలుపై ఆదోని కొండ

మా మనుమడు ఈమధ్య ఒక సైకిలు కొనెను. కొండలపై త్రొక్కుటకే దానిని చేసిరట. లావుపాటి టైర్లు, ముందు చక్రము పైన స్ప్రింగులు, ఇరువదియొక్క గేర్లు, చక్రము నడుమ ఇనుప పళ్ళెము వంటి బ్రేకు. వెల యెంతయని అడిగి, విని, కొంతసేపు మాటాడక ఊరకుంటిని. "దీని మీద కొండ దిగొచ్చు తాతా" అని వాడు గర్వముగా చెప్పెను. "మేమూ దిగినాములేరా, బాడిగ సైకిలు మీద" అంటిని. వాడు నవ్వెను. నమ్మలేదని ఆ నవ్వే చెప్పెను. శ్రోతలైనను నమ్ముదురని ఆశించి, జరిగినది జరిగినట్లు మనవి చేయుదును.

ముందుగా ఆనాటి బాడిగ సైకిలు అంగడిని గురించి నాలుగు మాటలు చెప్పవలెను. అది లేనిదే ఈ కథ లేదు. 1970 ప్రాంతమున ఆదోనిలో సొంత సైకిలు గలవాడనిన కొంచెము స్థితిపరుని క్రింద లెక్క. తక్కిన వారికి బాడిగ అంగడియే శరణ్యము. గంటకు పావలా, దినమునకు రెండు రూపాయలు. లోపల ఒక గోడ గడియారము, నూనె మరకల నోటుపుస్తకము, పంక్చరు చూచుటకు నీళ్ళ తొట్టి. బయట వరుసగా పదునైదు ఇరువది సైకిళ్ళు. డబ్బు ఎంత చూపినను ముక్కు మొగము తెలియని వానికి సైకిలు ఇయ్యరు. "ఎవరి పిల్లోడివి? ఏ పేట?" అనునది మొదటి ప్రశ్న. తెలిసినవారెవరైన జామీను పలుకవలెను. పిమ్మట పుస్తకములో మన పేరు, దాని ప్రక్క తండ్రి పేరు, దాని ప్రక్క తీసికొన్న వేళ ఎక్కును. ఆ మూడింటిలో తండ్రి పేరునకే విలువ ఎక్కువ. సైకిలునకు ఏమి జరిగినను అది ఆ పేరు మీద పడునని మనకును తెలియును, అంగడివానికిని తెలియును.

మా అంగడి యజమానిని పిన్నలందరు చాచా అని పిలుచుచుండిరి. ఆయన ప్రతి సైకిలు వెనుక మడ్‌గార్డు మీద ఎర్రరంగుతో ఒక నెంబరు వ్రాయించెను. అంతటితో తృప్తిపడక చక్రములకు, పెడళ్ళకు, సీటు క్రింది కమ్మీకి కూడ చిన్న ఉలితో గుర్తులు కొట్టియుంచెను. మంచి టైరు విప్పుకొని పాతది తొడిగి తెచ్చి అప్పగించు గడుగ్గాయలు అన్ని ఊళ్ళయందును ఉందురు గదా! సైకిలు తిరిగివచ్చినపుడు ఆయన దానిని చూచుట తక్కువ, వినుట ఎక్కువ. ముందు భాగమును ఎత్తి చక్రమును ఒక్క త్రిప్పు త్రిప్పి చెవి యొగ్గును. బాల్సు పగిలినను, చువ్వ వదులైనను ఆ చప్పుడులో ఆయనకు తెలిసిపోవును. వైద్యుడు నాడి చూచినట్లు అనరాదు గాని, ఇంచుమించు అట్లే.

ఆ సైకిళ్ళు ఎట్టివనగా, నల్లరంగు వేసిన ఇనుప గుఱ్ఱములు. దేశమున సైకిళ్ళ తయారీ అప్పటికే బాగుగ నాటుకొనెను. మద్రాసు దగ్గర అంబత్తూరులో 1949లో స్థాపితమైన సంస్థవి కొన్ని, లూధియానాలో 1956లో ఆరంభమైన హీరో వారివి కొన్ని మా చాచా వద్ద ఉండెను. బరువు సుమారు ఇరువది కిలోలు. ఇరువదియెనిమిది అంగుళముల చక్రములు. బ్రేకులకు ఇప్పటివలె తీగలు లేవు. హ్యాండిలు నుండి ఇనుప కడ్డీలు క్రిందికి దిగి, రబ్బరు ముక్కలను రిమ్ము లోపలి వైపునకు లాగి పట్టును. ముందు పళ్ళ చక్రమునకు 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలునకు 18. లెక్క వేసిన, పెడలు ఒక చుట్టు తిరిగినప్పుడు బండి సుమారు ఐదున్నర మీటర్లు ముందుకు పోవలెను. చదునునేల మీద ఇది హాయి. ఎత్తు వచ్చినపుడు ఇదియే యమయాతన. మా మనుమని సైకిలు అన్నిటికంటె చిన్న గేరులో ఒక చుట్టునకు ఒకటిన్నర మీటరు పోవును, అంతే. కొండ యెక్కు రహస్యమంతయు ఆ లెక్కలో ఉన్నది. మాకు ఆ లెక్క తెలియదు. తెలిసినను చేయగలిగినది లేదు.

1975 జనవరి, సంక్రాంతి వెళ్ళిన ఆదివారము. మేము ముగ్గురము డిగ్రీ తరగతిలో సహాధ్యాయులము. ఒకడు ఎమ్మిగనూరు చేనేత కుటుంబమువాడు, ఆదోనిలో హాస్టలున ఉండి చదువుచుండెను. మాటలు తక్కువ. రెండవవాడు జిన్నింగు మిల్లులో మేస్త్రీ కొడుకు, తోచినదెల్ల చేయువాడు. మూడవవాడను నేను, మా నాయన బడిపంతులు. కొండమీదికి సైకిళ్ళు ఎక్కించి దిగవలెనను ఆలోచన మేస్త్రీ కొడుకుదే. కోటలో పాడుపడిన గోడల రాళ్ళను ఒకప్పుడు గాడిదలపై దింపెడివారని వాడు ఎక్కడనో వినెను. "గాడిద దిగిన తావున సైకిలు దిగదా ఏమప్పా?" అని వాని వాదము. తర్కశాస్త్రము చదువని మాకు అది తిరుగులేని ప్రమాణముగా తోచెను.

చాచాకు కొండ పేరు చెప్పిన సైకిలు ఇయ్యడు. అందుచేత తెల్లవారి ఆరు గంటలకు అంగడికి పోయి, "ఎమ్మిగనూరు పోతాం చాచా, రోజు బాడిగకు" అంటిమి. ఆయన మమ్ము ముగ్గురిని ఎగాదిగా చూచి, "ఎదురుగాలి ఉంటాది బేటా, మెల్లగ తొక్కండి" అని, గాలి కొట్టి, పుస్తకమున వ్రాసికొనెను. నాకు వచ్చినది పదునేడవ నెంబరు. సాయంకాలము ఆరింటికి అప్పగించవలెనని ఒప్పందము.

ఆదోని కోటను ఎరుగని శ్రోతలకు చెప్పవలెను. ఊరి నంటి ఐదు గండశిలల కొండలు ఉన్నవి. వానిలో బారాకిల్లా, తాలిబండ అను రెండు, నేలనుండి సుమారు ఎనిమిదివందల అడుగుల ఎత్తు లేచినవి. విజయనగర రాజులు, వారి తరువాత బిజాపూరు సుల్తానులు, మొగలాయిలు, నిజాము వారు ఈ దుర్గమును ఏలిరి. బిజాపూరు పక్షమున ఏలిన సిద్ది మసూద్ ఖాను 17వ శతాబ్దమున ఊరిలో కట్టించిన జామియా మసీదు నేటికిని చెక్కుచెదరక ఉన్నది. 1786లో టిపూ సుల్తాను కోటను పట్టుకొనెను. 1800లో దత్తమండలములతోపాటు ఇది కుంపిణీవారి వశమయ్యెను. అటుపిమ్మట చాలకాలము బళ్ళారి జిల్లాలో ఉండి, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రముతోపాటు కర్నూలు జిల్లాలో చేరెను. ఇన్ని సేనలు ఎక్కి దిగిన కొండను ముగ్గురు కుఱ్ఱవాండ్రు సైకిళ్ళతో జయింపబూనుట చూచి, దారిలో మేకలు కాయు ముసలాయన, "సైకిలు మిమ్మల్ని మోయల్లనా, మీరు సైకిలును మోయల్లనా?" అని అడిగెను. జవాబు చెప్పుటకు ఊపిరి చాలలేదు.

ఆయన మాట నిజము. ఎక్కునపుడు మేము సైకిలు నెక్కినది నూరు గజములు కూడ లేదు. మొదట నెట్టితిమి. తరువాత ఒకడు ముందు పట్టి ఒకడు వెనుక పట్టి ఎత్తితిమి. మెట్లవంటి బండలు వచ్చిన చోట భుజమునకు తగిలించుకొని నడచితిమి. ఇరువది కిలోల ఇనుము, కొండ మీద ప్రతి మలుపునకు ఒక కిలో పెరుగుచుండెను. కొండ నడుమ ఒక కోనేరు కలదు. ఎండకాలమున కూడ దానిలో నీరు ఇంకదని ప్రసిద్ధి. అక్కడికి చేరునప్పటికి ఎనిమిది దాటెను. మొగములు కడుగుకొని కూర్చుంటిమి. ప్రక్కన రణమండల కొండ, దానిమీద ఆంజనేయస్వామి గుడి. క్రింద ఊరు, పత్తి మిల్లుల రేకుల కప్పులు ఎండకు మెరయుచుండెను. ఊరి ప్రక్కగా రాయచూరు వైపు పోవు రైలుదారి. మద్రాసు నుండి వచ్చు దారి, బొంబాయి నుండి వచ్చు దారి 1871లో రాయచూరున కలిసికొన్నవి. ఆదోని పత్తి సముద్రమునకు చేరుటకు అప్పటినుండియే త్రోవ సుగమమయ్యెను. దారికి అటునిటు నల్లరేగడి భూమి, దానిలో తెల్లతెల్లగా పత్తి చేలు, పచ్చగా జొన్న. కొండమీద నుండి చూచిన అది చాపవలె చదునుగా కనిపించును. చదును కాదని మధ్యాహ్నమునకు తెలిసెను.

దిగుట మొదలుపెట్టితిమి. మేస్త్రీ కొడుకు ముందు, నేను నడుమ, ఎమ్మిగనూరువాడు వెనుక. సీటు మీద కూర్చుండుటకు వీలులేదు. కూర్చుండిన నడుము విరుగును. పెడళ్ళను సమముగా నిలిపి, వాటి మీద నిలుచుండి, పిఱుదులు వెనుకకు నెట్టి, రెండు బ్రేకులను వ్రేళ్ళు నొప్పిపుట్టునట్లు పట్టవలెను. ఇది ఎవరును నేర్పలేదు. కొండయే మొదటి ఇరువది గజములలో నేర్పెను. ముందు బ్రేకు గట్టిగ పట్టిన సైకిలు తలక్రిందులగును. వెనుక బ్రేకు గట్టిగ పట్టిన చక్రము తిరుగుట మాని గరుకు ఇసుకలో జారును. రెండును వదలిన ఏమగునో చెప్పనక్కరలేదు. రాయి కనబడినప్పుడు రాయిని చూడరాదు. దాని ప్రక్కనున్న ఖాళీని చూడవలెను. ఎటు చూచిన అటే పోవును సైకిలు. మడ్‌గార్డులు డప్పులవలె మ్రోగుచుండెను. గంట తనంతట తానే కొట్టుకొనుచుండెను. భయము లేదని చెప్పను. కాని భయమునకు లోపల ఏదో నవ్వు ఉండెను; ముగ్గురమును బిగ్గరగా కేకలు వేయుచుంటిమి. మేకల ముసలాయన తన మందను ప్రక్కకు తోలుకొని మాకు దారి యిచ్చి నిలుచుండెను.

ఇక్కడ ఒక మాట. మేము కొండ దిగిన మరుసటి సంవత్సరము, 1976 అక్టోబరు 21న, అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున ఫెయిర్‌ఫాక్స్ అను చిన్న ఊరి దగ్గర కొందరు యువకులు ఒక పందెము పెట్టుకొనిరి. రెండు మైళ్ళ పైచిలుకు మట్టిదారి, సుమారు పదుమూడువందల అడుగుల దిగుడు. వారి సైకిళ్ళు కూడ కొత్తవి కావు; 1930లు, 40లలో చేసిన బరువైన పాత సైకిళ్ళు, లావు టైర్లవి. పెడలు వెనుకకు త్రొక్కిన ఆగు బ్రేకులు. దిగు వేడికి చక్రపు గుండులోని గ్రీజు పొగలై పోయి, ప్రతిసారి విప్పి కొత్త గ్రీజు కూరవలసి వచ్చెడిదట. అందుకే ఆ దారికి ఇంగ్లీషులో రీప్యాక్ అని పేరు నిలిచెను. వారిలో జో బ్రీజ్ అనునతడు 1977లో కొండలకొరకే కొత్త చట్రము కట్టెను. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ అనువారు 1979లో అట్టి సైకిళ్ళు అమ్ము వ్యాపారము పెట్టిరి. 1996లో అట్లాంటా ఒలింపిక్సున ఇదియొక క్రీడయై కూర్చుండెను. మేము కనిపెట్టితిమని నేను అనను. పాత సైకిలు, పక్కనే కొండ, ఇంటివద్ద చెప్పకుండ వచ్చిన ముగ్గురు కుఱ్ఱవాండ్రు ఉన్నచోట నెల్ల ఈ విద్య పుట్టియే యుండును. తేడా ఒక్కటే. ఆ కాలిఫోర్నియా వారి సైకిళ్ళు వారి సొంతము.

మూడువంతులు దిగినాము. ఇక ఊరి ఇండ్లు కనబడుచున్నవి. అచ్చట దారి రెండు బండల నడుమ ఇరుకై మలుపు తిరుగును. నా ముందు బ్రేకు కడ్డీ మర అదురునకు వదులై, పట్టుకొన్నను పట్టలేదు. ముందు చక్రము రెండు రాళ్ళ సందున ఇరుకుకొనెను. నేను హ్యాండిలు మీదుగా పోయి తుమ్మకంప ప్రక్కన పడితిని. మోకాలు చెక్కుకొనిపోయెను. లేచి మొదట చూచినది మోకాలు కాదు, చక్రము. అది గుండ్రముగా లేదు. పలకమీద చిన్నపిల్లలు దిద్దిన సున్నవలె ఉండెను. నాలుగు చువ్వలు తెగి వ్రేలాడుచుండెను.

ముగ్గురము దాని చుట్టు కూర్చుంటిమి. ఎవరును మాటాడలేదు. నా కన్నుల యెదుట నోటుపుస్తకములో మా నాయన పేరు కదలాడుచుండెను. ఆయన ఎన్నడును ఎవరికిని అర్ధణా బాకీ పడినవాడు కాడు. పైగా చాచా మనుమలు ఇద్దరు ఆయన తరగతిలోనే చదువుచుండిరి. "బాగు చేయించి ఇచ్చేద్దాం, చాచాకు తెలీకుండా" అని మేస్త్రీ కొడుకు అనెను. ఎక్కడ చేయింతుము? ఆదోనిలో ఏ సైకిలు అంగడికి పోయినను మడ్‌గార్డు మీది నెంబరు చూతురు. చక్రము తిరుగకముందే కబురు చాచాకు చేరును. అప్పుడు ఎమ్మిగనూరువాడు ఆనాటికి మొదటిసారి నోరు తెరచి, "మా ఊరికి పోదాం. మా అన్నకు తెలిసిన అంగడి ఉంది" అనెను. అట్లు, ఉదయము చాచాకు చెప్పిన అబద్ధమును నిజము చేయుటకు బయలుదేరితిమి.

చక్రమును విప్పి, రెండు బండల నడుమ ఆనించి, మోకాలితో త్రొక్కి కొంత సరిచేసితిమి. తెగిన చువ్వలను ప్రక్క చువ్వలకు చుట్టితిమి. ముందు బ్రేకు రబ్బరులను తీసివేసితిమి. లేనిచో అవి రిమ్మునకు రాచుకొని చక్రము తిరుగదు. ఆ సైకిలును మేస్త్రీ కొడుకు తీసికొనెను. ఆలోచన తనది గనుక భారము కూడ తనదే యని వాడు అనలేదు గాని, అడుగకుండ తీసికొనెను.

ఆదోని నుండి ఎమ్మిగనూరు ముప్పది కిలోమీటర్లకు కొంచెము తక్కువ. దారి ఈశాన్యముగా పోవును. పుష్యమాసమున గాలియు ఈశాన్యము నుండియే వీచును. చాచా చెప్పినది అక్షరాల నిజము. కొండమీద నుండి చాపవలె కనబడిన నేల, సైకిలు క్రింద అలలవలె లేచుచు పడుచుండెను. పది గంటల యెండ. రేగడి మట్టి ఎండి పగిలి, బండి చక్రముల గాళ్ళు రాళ్ళవలె గట్టిపడి ఉండెను. తారు చెదరిన చోట మట్టిలోనికి దిగిన, ఆ గాళ్ళలో చక్రము చిక్కి మన చెప్పినట్లు వినదు. వంకరచక్రము చుట్టు చుట్టునకు కిరుక్కుమని మూలుగుచుండెను. ఆ ప్రాంతపు ఊళ్ళ పేర్లలో కల్లు అను మాట తరచుగా వినబడును, ఆరేకల్లు, కోటేకల్లు. కన్నడమున కల్లు అనిన రాయి. ఆ దినము నాకు ఆ పేర్లు పెట్టినవారి మీద మిక్కిలి గౌరవము కలిగెను.

దారిపొడవున జతలు జతలుగా ఎద్దులు నడచిపోవుచుండెను. కొమ్ములకు రంగులు, మెడలో గవ్వల పట్టెలు. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర పుష్యమాసముననే జరుగును. జాతరతో పశువుల సంత. దూరపు రైతులు ముందుగనే బయలుదేరుదురు. ఎద్దుల వెంట నడచు ఒక పెద్దాయన మా సైకిలు మూలుగు విని, "దానికి ఆముదం పెట్టినారా నాయనా?" అని అడిగెను. మాకు నవ్వు రాలేదు. కోటేకల్లు దగ్గర బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ అమ్ము కొట్టు కనబడెను. జేబులు తడుముకొంటిమి. ముగ్గురి వద్ద కలిపి బాడిగకు పోను రూపాయి మిగిలెను. అర్ధరూపాయికి ఉగ్గాని తిని, అర్ధరూపాయి దాచితిమి.

ఒంటిగంటకు ఎమ్మిగనూరు చేరితిమి. ఆ ఊరిని తెలుగుదేశమున చేనేత పేరు విన్నవారందరు ఎరుగుదురు. 1938లో మాచాని సోమప్ప గారు అక్కడ చేనేతవారి సహకార సంఘమును నెలకొల్పిరి. షావుకారు వద్ద నూలు అప్పు తెచ్చి, నేసిన బట్ట ఆయనకే అయినకాడికి ఇచ్చు దుఃస్థితి నుండి నేతగాండ్రను తప్పించుట దాని ఉద్దేశము. సంఘమే నూలు ఇచ్చును, బట్ట తీసికొనును, కూలి చెల్లించును. దుప్పట్లు, చీరలు, తువాళ్ళు దూరదేశములకు పోయెను. 1954లో సోమప్ప గారికి పద్మశ్రీ బిరుదము వచ్చెను. తరువాతి దశాబ్దములలో మగ్గముల సంఖ్య చాల తగ్గిపోయినది గాని, మేము పోయిన నాడు నేతవీధిలో అడుగు పెట్టిన ప్రతి గడపలోనుండి మగ్గము చప్పుడు వినవచ్చుచుండెను.

మా మిత్రుని అన్న గుంటమగ్గములో కాళ్ళు దించి కూర్చుండి నేయుచుండెను. తమ్ముని చూచి సంతోషించెను. నా మోకాలు చూచి నవ్వు ఆపెను. "ముందు అన్నం తినండి" అనెను. వదినగారు జొన్నరొట్టెలు, వేరుశనగ ఊరుబిండి, మజ్జిగ పెట్టిరి. తినునంతసేపు ఆయన ఏమియు అడుగలేదు. తినిన పిమ్మట తమ్ముడు చెప్పెను. అన్న లేచి, గూటిలోనున్న రేకు డబ్బా తీసి, ఏడు రూపాయలు లెక్కపెట్టి వాని చేతిలో పెట్టెను. ప్రక్కనే ఆరేడేండ్ల పాప నిలుచుండి ఆ డబ్బానే చూచుచుండెను. ఎందుకు చూచుచున్నదో నాకు అప్పుడు తెలియలేదు. జాతరకు పాప పావడ కొరకు దాచిన డబ్బు అది యని చాల దినములకు మా మిత్రుడు ఏదో మాటలో చెప్పెను. నా వంతు నేను మార్చి నెలలో ఇచ్చితిని. జాతర జనవరిలోనే అయిపోయెను.

అన్నగారు చెప్పిన అంగడి బస్‌స్టాండు దాపున ఉండెను. అంగడివాడు నడివయస్కుడు. చక్రమును చూడకముందే మడ్‌గార్డును చూచెను. తరువాత సీటు క్రింది ఉలి గుర్తును వ్రేలితో తడిమెను. "ఇది మా ఉస్తాదు బండి కదప్పా!" అనెను. మా ప్రాణములు పోయెను. ఆయన పదునాలుగేండ్ల వయస్సున ఆదోనిలో మా చాచా వద్దనే పంక్చర్లు వేయుటతో మొదలుపెట్టి, ఎనిమిదేండ్లు పని నేర్చుకొనెనట. ముప్పది కిలోమీటర్లు త్రొక్కి మేము దాగుకొన వచ్చినది చాచా శిష్యుని ఇంట!

ఆయన మమ్ము తిట్టలేదు. చక్రమును విప్పి, రిమ్ము పనికిరాదని, పాత రిమ్ములలో ఒకటి వెదకి తీసి, చువ్వలు ఒక్కొక్కటిగా అల్లుట మొదలుపెట్టెను. చక్రము కట్టుట నేను మొదటిసారి చూచుచుంటిని. ముప్పదిరెండు చువ్వలు, ఒకటి కుడికి లాగిన ఒకటి యెడమకు లాగవలెను. ఒకటి బిగించిన దాని యెదుటిది వదులగును. పైన బెండు తీసిన క్రింద బెండు పుట్టును. ఆయన ఒక గంటసేపు, పావుచుట్టు పావుచుట్టుగా తాళపుచెవితో త్రిప్పుచు, మధ్యమధ్య చక్రమును త్రిప్పి చెవి యొగ్గుచుండెను. అదే యొగ్గుట, అదే తలవంపు. ఆయన ఉస్తాదును ఎదుట పెట్టుకొన్నట్లే ఉండెను. మగ్గము ముందు కూర్చున్న అన్నగారిని, ఈయనను ఒకే దినమున చూచుటచేత కాబోలు, చక్రము కూడ ఒక నేత యని నాకు ఆనాడు తోచెను.

మొత్తము ఏడు రూపాయలు అయ్యెను. డబ్బు తీసికొనుచు, "నేను చెప్పను. మీరే చెప్పండి. చెప్పకపోయినా ఆయనకు తెలుస్తుంది" అనెను.

నాలుగు గంటలకు తిరుగు ప్రయాణము. ఈ తూరి గాలి వెనుకనుండి నెట్టెను. కొత్తచక్రము చప్పుడు లేక తిరుగుచుండెను. చెప్పవలెనా వద్దా యని దారిపొడవున తగవులాడుకొంటిమి. మేస్త్రీ కొడుకు వద్దనెను. నేను కూడ వద్దంటిని. నాయన పేరు నా నోట నే నెట్లు పాడుచేయుదును? ఎమ్మిగనూరువాడు ఏమియు అనలేదు. ఆదోని మూడు మైళ్ళు ఉండగా చీకటి పడెను. మా సైకిళ్ళకు దీపములు లేవు. నడినెత్తిన సగము చంద్రుడు ఉండుటచేత రోడ్డు బూడిదరంగుగా కనబడుచుండెను. ఎదుట కోటకొండ నల్లగా లేచెను. ఉదయము మేము దిగిన దారి ఎక్కడిదో ఆనవాలు పట్టలేకపోతిమి.

అంగడికి చేరునప్పటికి ఏడు గంటలు. చాచా పెట్రోమాక్సు లైటు క్రింద పుస్తకము ముందు పెట్టుకొని కూర్చుండెను. నేను సైకిలు దిగి నోరు తెరచునంతలో, వెనుకనుండి ఎమ్మిగనూరువాడు ముందుకు వచ్చి, "చాచా, కొండమీద పడినాము. ముందు చక్రం పోయింది. మా ఊర్లో కట్టించినాము" అని ఒక్క ఊపిరిలో చెప్పివేసెను.

చాచా లేచెను. "పడింది ఎవరు?" అని అడిగెను. నా మోకాలిని దీపము వైపునకు త్రిప్పించి చూచి, లోపలినుండి టింక్చరు సీసా తెచ్చి దూదితో అద్దెను. కొండ దిగునపుడు వేసిన కేకలు అందులో నాలుగవవంతు కూడ లేవు. తరువాత సైకిలు ముందుభాగము ఎత్తి, చక్రము త్రిప్పి, చెవి యొగ్గెను. చాలసేపు విని, "మావాడే కట్టినాడు" అనెను. కోపమో సంతోషమో ఆ మాటలో నాకు తెలియలేదు. తాళపుచెవి తీసి రెండు చువ్వలను కొంచెము బిగించి, మరల త్రిప్పి, తృప్తిపడెను.

అంతటితో విడిచిపెట్టునని అనుకొంటిమి. ఆయన గడియారము చూచి, "గంట ఆలస్యం. మూడు బండ్లకు ముప్పావలా" అనెను. "చక్రం సంగతి వేరే బేటా, గంట సంగతి వేరే." మా వద్ద అర్ధరూపాయి మాత్రమే ఉండెను. అది తీసికొని, మిగిలిన పావలాను పుస్తకములో మా నాయన పేరు ప్రక్కన బాకీగా వ్రాసెను.

ఆ వారమంతయు నాయన బడికి పోవుటకు ఆ అంగడి ముందుగా నడచునపుడెల్ల నా గుండె కొట్టుకొనుచుండెను. ఆయనకు ఎవరును చెప్పలేదు. ఆదివారము ఉదయము పావలా తీసికొనిపోయి ఇచ్చితిని. చాచా పుస్తకము తెరచి, ఆ బాకీ మీద అడ్డగీత కొట్టి, "ఏ నెంబరు కావల్ల?" అని అడిగెను.

"పదిహేడు" అంటిని.